బామ్ని చౌరస్తాలో ఫోటో తీయడానికి ఏముంది?



ఎండలు ముదిరాయంటే మహారాష్ట్రలోని మా బామ్ని చౌరస్తాలో హైదరాబాద్ కార్లు కనబడతాయి. ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా మీదుగా వస్తాయి. వార్ధా నది వంతెన దాటి, మా బామ్ని దాటి, బల్లార్‌పూర్, చంద్రపూర్ మీదుగా తాడోబా అడవికి పోతాయి. లోపల కూర్చున్నవాళ్ళ ఒళ్ళో కెమెరాలుంటాయి. మోచేయంత పొడుగు లెన్సులుంటాయి. అన్నీ పులి కోసమే. ఎండాకాలంలో అడవిలో వాగులు ఎండిపోతాయి. పులి నీటిగుంట దగ్గరికి రాక తప్పదు. అప్పుడు ఫోటో దొరుకుతుంది. రైలెక్కి వచ్చినా అంతే, బల్లార్షా స్టేషన్లో దిగగానే గోడల మీద తాడోబా జంతువుల బొమ్మలు ఎదురొస్తాయి.

పులి అందమైనదే. దాన్ని చూడాలని అంతదూరం నుంచి రావడమూ బాగానే ఉంది.

ఆ కార్లలో కొన్ని మా దగ్గర చాయ్‌కి ఆగుతాయి. ఒకసారి ఒకాయన నా చేతిలో కెమెరా చూసి పలకరించారు. "మీరూ తాడోబాకేనా?" అన్నారు. "లేదండీ, నేను ఇక్కడే తీస్తుంటాను, బామ్నిలో" అన్నాను. ఆయన చుట్టూ చూశారు. చాయ్ బండి చూశారు. ఆగి ఉన్న వెదురు లారీ చూశారు. పంక్చర్ కొట్టు చూశారు. "ఇక్కడ ఫోటో తీయడానికి ఏముందండీ?" అని అడిగారు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

మంచి ప్రశ్న అది. ఈ పూట మీతో మాట్లాడదామనుకున్నది దాని గురించే.

నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. తర్వాత మళ్ళీ మళ్ళీ చెబుతాను, రేడియోలో వెనక్కి తిప్పి వినడం కుదరదు కదా. రోజూ మన కంటబడే వస్తువుకు ఒక గొప్ప గుణం ఉంది. అది రేపు కూడా అక్కడే ఉంటుంది. ఇవాళ బాగా రాకపోతే రేపు పొద్దున మళ్ళీ చూడవచ్చు. వానాకాలంలో మరోసారి చూడవచ్చు. పులి కోసం వచ్చిన మనిషికి ఆ వసతి లేదు. ఉన్న రెండు రోజుల్లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. మనకు మాత్రం మన వాకిలి రోజూ ఉంటుంది.

ఇంకొక సంగతి అడుగుతాను. ప్రపంచంలో మొట్టమొదటి ఫోటోలు వేటిని తీశారో మీకు తెలుసా?

ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతదిగా చెప్పే కెమెరా ఫోటో ఫ్రాన్స్‌లో తీసింది. తీసినాయన పేరు నియెప్స్. 1826లోనో 1827లోనో తీశాడు. రాజుగారి ఫోటో కాదు. కోట కాదు, గుడి కాదు. తన ఇంటి మేడ మీది కిటికీలోంచి కనబడే పెరడు. పావురాల గూడు, కొట్టం కప్పు, ఒక చెట్టు. అంతే. లోహపు పలకకు తారులాంటి పదార్థం పూసి కెమెరాలో పెట్టాడు. దాని మీద బొమ్మ తేలడానికి గంటలు గంటలు పట్టింది. ఈలోపు సూర్యుడు ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు పోయాడు. అందుకే ఆ ఫోటోలో అటు గోడ మీదా ఎండే, ఇటు గోడ మీదా ఎండే. ఒక పగలంతా ఆ పెరట్లో ఎట్లా గడిచిందో ఆ ఒక్క పలక మీద ఉంది.

తర్వాత 1838లో డాగెర్ అనే ఆయన పారిస్‌లో ఒక వీధిని ఫోటో తీశాడు. మంచి రద్దీ వీధి. బండ్లు, గుర్రాలు, మనుషులు. కానీ ఫోటోలో వీధి ఖాళీగా ఉంటుంది. ఎందుకంటే బొమ్మ పడడానికి నిమిషాల కొద్దీ పట్టేది, కదిలేవాళ్ళెవరూ పలక మీద నిలవలేదు. ఒక్క మనిషి మాత్రం నిలిచాడు. ఫుట్‌పాత్ మీద ఒక కాలు పైకి పెట్టుకుని, బూట్లకు పాలిష్ చేయించుకుంటున్నాడు. ఆ చిన్న పనికోసం కదలకుండా నిలబడ్డాడు కాబట్టి ఫోటోలోకి ఎక్కాడు. ఫోటోలో కనబడిన తొలి మనుషుల్లో ఒకడిగా ఆయన చరిత్రలో ఉండిపోయాడు. పేరేమిటో ఎవరికీ తెలియదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన 1844లో తీసిన ఫోటో. తెరిచి ఉన్న ఒక తలుపు. తలుపు లోపల చీకటి. గడప దగ్గర ఏటవాలుగా ఆనించిన ఒక చీపురు. పుల్లల చీపురు. ఒక పక్క లాంతరు వేలాడుతోంది. ఎండకు చీపురు నీడ తలుపు మీద వాలుగా పడింది. మనిషి లేడు. కానీ ఇప్పుడే ఎవరో ఊడ్చి, చీపురు అక్కడ ఆనించి, లోపలికి వెళ్ళినట్టుంటుంది. టాల్బట్ ఈ ఫోటోను తన పుస్తకంలో వేసి, డచ్చి చిత్రకారులు ఇళ్ళలోని రోజువారీ దృశ్యాలను బొమ్మలుగా గీశారు కదా, మనం ఫోటోగా తీయడానికి అదే ఆధారం అన్న అర్థంలో రాసుకున్నాడు. మామూలువాళ్ళు ఏమీ లేదనుకుని దాటిపోయే చోట చిత్రకారుడి కన్ను ఆగుతుందని కూడా అన్నాడు.

వింటున్నారా? పెరడు, బూటు పాలిష్, చీపురు. ఫోటో అనే విద్య పుట్టినప్పుడు కళ్ళు తెరిచి చూసినవి ఇవి. అది పులి కోసం అడవికి పోవడం చాలా తర్వాత నేర్చుకుంది.

సరే, చీపురు దగ్గరే కాసేపు ఆగుదాం. మన ఇళ్ళల్లో చీపురు ఎక్కడుంటుంది? తలుపు మూలన. ఎవరి కంటా పడకుండా దాచి పెడతాం. ఇక్కడి మరాఠీ ఇళ్ళల్లో మాత్రం ఒక రోజు దానికి మర్యాద దక్కుతుంది. దీపావళి లక్ష్మీపూజ నాడు కొత్త చీపురు తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మిగా పూజిస్తారు. ఆ ఒక్క రోజు అది పీట దగ్గరికి వస్తుంది. మర్నాటి నుంచి మళ్ళీ మూలకే. ఆ రెండు చోట్లా దాన్ని ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో కుంకుమ బొట్టు. ఒకదానిలో అరిగిన కొసలు, చీపురు ఒక పక్కకు వంగిపోయి ఉంటుంది. ఏ చేత్తో ఊడుస్తారో ఆ వంపు చెప్పేస్తుంది.

మా పక్కింటి అత్తమ్మ వాకిట్లో నేను చాటను ఫోటో తీస్తుంటే చూసి, "ఏం పోరడివిరా నువ్వు! మనుషులు లేనట్టు చాటకు ఫోటో తీస్తవ్?" అంది. ఆ చాటను ఆమె ఎన్నోసార్లు పేడతో అలికింది. ఎండలో ఆరబెట్టింది. దాని అంచు ఒకచోట విరిగితే పాత చీర అంచు చింపి కుట్టింది. పొద్దున ఏడు గంటల ఎండ దాని మీద పక్కనుంచి పడుతోంది. అల్లికలో ఒక్కొక్క బద్ద విడివిడిగా కనబడుతోంది. ఫోన్‌లో చూపించాను. కాసేపు చూసింది. "ఆ కుట్టు నాదే" అంది. తర్వాత ఇంకోటి మాట్లాడలేదు గానీ, మరునాడు గుమ్మం ముందు ఎండ పడే చోట చాట నిలబెట్టి ఉంది.

ఎండ పక్కనుంచి పడాలి. ఇది గుర్తుపెట్టుకోండి. ఎండ పక్కనుంచి పడితే గరుకు కనబడుతుంది. గోడ పగులు, గోనెసంచి నేత, చేతి గీతలు, రొట్టె మీద కాలిన మచ్చలు. నడినెత్తిన సూర్యుడుంటే ఇవన్నీ మాయమైపోతాయి. అదే వస్తువు, అదే చోటు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. అందుకే మళ్ళీ చూడమంటున్నాను.

మధ్యాహ్నం పనికిరాదా అంటే పనికొస్తుంది. దేశంలోనే ఎక్కువ ఎండ కాసే ఊళ్ళలో చంద్రపూర్ ఒకటని మీకు తెలిసిందే. మే నెల మధ్యాహ్నం బామ్నిలో వీధిలో కుక్క కూడా ఉండదు. అప్పుడు వస్తువులను వదిలేసి నీడలను చూడండి. నులక మంచం గోడకు ఆనించి ఉంటుంది. దాని అల్లిక నీడ గోడ మీద, మంచం కంటే బాగుంటుంది. వేపచెట్టు కింద సైకిలు. కూలర్ నీళ్ళు కారి తడిసిన నేల, ఆ తడిలో ఆకాశం ముక్క. ఇవన్నీ మధ్యాహ్నపు బొమ్మలు. పొద్దున పోతే దొరకవు.

ఇప్పుడు ఆ కారాయన చూసిన వెదురు లారీ సంగతి చెబుతాను.

బల్లార్‌పూర్ అనగానే కాగితం మిల్లు గుర్తొస్తుంది. 1945లో పెట్టిన మిల్లు. ఆ మిల్లుకు, బొగ్గు గనులకు పనికోసమని తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ వైపు వచ్చాయి. బామ్నిలో మేం తెలుగు మాట్లాడుకుంటూ ఉన్నామంటే అదే కారణం. మిల్లుకు వెదురు కావాలి. మా చౌరస్తాలో వెదురు లారీ కనబడడం ఎవరికీ వింత కాదు.

అట్లాంటి లారీని ఒకసారి వెనకనుంచి చూడండి. నరికిన వెదురు మొనలన్నీ మన వైపే తిరిగి ఉంటాయి. వందల గుండ్రాలు. చిన్నవి, పెద్దవి. ప్రతి గుండ్రం మధ్యలో నల్లటి బొక్క. ఏ రెండూ ఒకలా ఉండవు. కొన్ని పచ్చగా, కొన్ని ఎండి బూడిదరంగులో. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే ప్రతి గుండ్రానికి ఒక పక్క మెరుపు, ఒక పక్క చీకటి. వాన పడితే మొనలు తడిసి రంగు ముదురుతాయి. డిసెంబర్ పొగమంచులో లారీ మొత్తం మసకబారి, వెనక కట్టిన ఎర్రగుడ్డ పేలిక ఒక్కటే కనబడుతుంది. ఇవన్నీ ఒకే వస్తువు ఫోటోలు. నేను వేరే వేరే రోజుల్లో, వేరే వేరే కాలాల్లో తీసుకున్నవి.

ఒకసారి అట్లా తీస్తుంటే లారీ డ్రైవరు గబగబా దిగివచ్చాడు. లోడు ఎక్కువుందని ఫోటో తీస్తున్న ఆఫీసు మనిషిని అనుకున్నాడు. కాదని చెప్పి ఫోటో చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "నేను ముందు కూర్చుంటా కదా సారూ, వెనక ఇట్లుంటదని ఎన్నడు చూడలె" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ బండి తోలే మనిషికి దాని వెనకభాగాన్ని కొత్తగా చూపించగలిగింది ఒక మామూలు ఫోటో.

దూరదేశాల గొప్ప ఫోటోగ్రాఫర్లు కూడా చేసింది ఇదే. అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన తీసినవాటిలో బాగా ప్రసిద్ధమైన ఫోటో దేనిదనుకున్నారు? సిమ్లా మిర్చిది. కొందరు క్యాప్సికం అంటారు, అది. 1930లో తీశాడు. ఒక మిరపకాయను రేకు గరాటులో నిలబెట్టాడు. గరాటు లోపలి గోడలు వెలుతురును చుట్టూ చిలకరించాయి. కాయ ఒంపులు మనిషి వీపు, భుజాలు అనిపిస్తాయి. ఆ ఫోటోకు ఆయన పెట్టుకున్న గుర్తు ముప్పయ్యో నంబరు. అంటే అంతకుముందు ఎన్ని తీసి ఉంటాడో మీరే ఊహించండి. కూరగాయల దుకాణంలో దొరికే కాయను మళ్ళీ మళ్ళీ, రకరకాలుగా చూశాడు. ముప్పయ్యోసారికి అది కనబడింది.

చెక్ దేశంలో ప్రాగ్ నగరంలో జోసెఫ్ సుదెక్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోయింది. ఒంటిచేత్తో పెద్ద కెమెరాలు మోసుకుని తిరిగి ఫోటోలు తీశాడు. రెండో ప్రపంచ యుద్ధానికి కొద్ది నెలల ముందే జర్మన్లు ఆ నగరాన్ని ఆక్రమించుకున్నారు. కెమెరా పట్టుకుని బయట తిరగడం కష్టమైపోయింది. ఆయనేం చేశాడు? తన స్టూడియో కిటికీని ఫోటో తీయడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దం మీద మంచు, నీటి చుక్కలు, అవతల వంకర చెట్టు. గట్టు మీద ఒక గ్లాసు. 1940లో మొదలుపెట్టి 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. ఒకటే కిటికీ. పద్నాలుగేళ్ళు.

వినండి, ఒకటే కిటికీ, పద్నాలుగేళ్ళు. యుద్ధం వచ్చి పోయింది, ప్రభుత్వాలు మారాయి. ఆయన కిటికీ ముందు కూర్చుని అద్దం మీద ఆవిరి ఎట్లా పడుతుందో చూశాడు. దీన్ని కొందరు తప్పించుకోవడం అంటారు. నేననను. తనకు మిగిలిన చోటును అంత శ్రద్ధగా చూడడంలో నాకు ధైర్యం కనబడుతుంది.

ప్రాగ్ దూరమే. మన నది అవతలికే వద్దాం.

వార్ధా నది ఒకప్పుడు సరిహద్దు. ఇవతల ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి, అవతల నిజాం రాజ్యం. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఆ ఆదిలాబాద్‌లో 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు గోండుల మధ్య నివసించాడు. మార్లవాయి గ్రామంలో. ఆయన మానవశాస్త్రం చదివినవాడు, ఫోటో ఆర్టిస్టునని చెప్పుకున్నవాడు కాదు. కానీ కెమెరా ఆయన వెంట ఉండేది. పండుగలు, పూజలు, నాట్యాలు తీశాడు. వాటితో పాటు ఇల్లు కట్టడం, దున్నడం, ధాన్యం దంచడం లాంటి పనులనూ తీశాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ కళాశాలలో ఉన్నాయి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి, ఆయన సమాధి కూడా మార్లవాయిలోనే ఉన్నాయి.

పండుగ ఇప్పటికీ జరుగుతుంది, దాన్ని వెళ్ళి చూడవచ్చు. కానీ అప్పటి నాగలి ఎట్లా ఉండేది, ఇంటి గోడ ఎట్లా అల్లేవాళ్ళు, బిడ్డను ఎట్లా ఎత్తుకునేవాళ్ళు అన్నది ఫోటోలే చెప్పాలి. అప్పుడు అవి మామూలు సంగతులు. చాలామంది వాటిని ఫోటోకు తగినవనుకోలేదు.

తర్వాతి తరంలో మనకు బండి రాజన్‌బాబు గారుండేవారు. కోరుట్లలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. మన ఫోటోగ్రఫీకి దేశం బయట కూడా పేరు తెచ్చారు. గిరిజనుల జీవితాన్ని, పల్లె వెలుతురును ఆయన తెలుపు నలుపులో చూపించారు. ఎందరో కుర్రవాళ్ళకు ఈ విద్య నేర్పారు. ఇప్పుడు కందుకూరి రమేష్‌బాబు గారు "సామాన్యశాస్త్రం" అనే పేరుతో మామూలు మనుషుల జీవితాలను రాస్తూ, ఫోటోలు తీస్తూ వస్తున్నారు. బరోడాలో జ్యోతి భట్ అనే చిత్రకారుడు ఎన్నో ఏళ్ళు పల్లెలు తిరిగి, ఆడవాళ్ళు గోడల మీద, వాకిళ్ళలో వేసే బొమ్మలనూ ముగ్గులనూ ఫోటో తీశారు. వేసిన మరునాడే చెరిగిపోయే ముగ్గు, దాని పక్కన దాన్ని వేసిన మనిషి. ఆయనకు 2019లో పద్మశ్రీ వచ్చింది.

ముగ్గు మాట వచ్చింది కాబట్టి బతుకమ్మ దగ్గరికి వస్తాను. ఇది కాస్త వివరంగా చెప్పాలని ఉంది.

మా తెలుగు కాలనీల్లో బతుకమ్మ ఆడతారు. ఆ సాయంత్రం అందరూ ఫోన్లు తీస్తారు. పేర్చిన బతుకమ్మ ఫోటో, పట్టుచీరల ఫోటో, గుండ్రంగా తిరుగుతున్న ఫోటో. బాగుంటాయి. కానీ అన్నీ ఒకటే ఫోటో. ఏ ఊరు బతుకమ్మో చెప్పలేం.

మీరు అదే రోజు మధ్యాహ్నం ఇంట్లోకి రండి. చాప పరిచి ఉంటుంది. తంగేడు పువ్వు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప. గునుగు పువ్వు తెల్లగా ఉంటుంది కదా, దానికి రంగు అద్దాలి. స్టీలు గిన్నెల్లో రంగు నీళ్ళు కలుపుతారు. గులాబీ, పచ్చ, ఊదా. గునుగు కట్టలను ముంచి తీసి, పేపరు మీద ఆరబెడతారు. పేపరు మీద రంగు చారికలు పడతాయి. అద్దిన ఆడబిడ్డల వేళ్ళకు ఆ రంగులు అంటుకుంటాయి. అమ్మ వేళ్ళు ఊదా. చిన్నమ్మ వేళ్ళు పచ్చ. సాయంత్రం పట్టుచీర కట్టుకుని, గాజులు వేసుకుని చప్పట్లు కొట్టేటప్పుడు కూడా ఆ వేళ్ళకు రంగు పోదు.

ఆ వేళ్ళు తీయండి. ఫోటో అక్కడుంది.

కత్తిరించిన కాడల కుప్ప తీయండి. రంగు చారికలు పడిన పాత పేపరు తీయండి. అది మరాఠీ పేపరు అయి ఉంటుంది, దాని మీద తెలంగాణ పండుగ రంగులు. మా బామ్ని బతుకు ఎట్లాంటిదో ఆ పేపరు ముక్క చెప్పినంత వివరంగా నేను చెప్పలేను. పైగా బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడతారు. ఇవాళ సరిగా రాకపోతే రేపుంది. మళ్ళీ చూడవచ్చు.

ఇక ఒక బరువైన మాట. గని కార్మికుల కాలనీల్లో పొద్దున్నే బొగ్గుల పొయ్యి ముట్టిస్తారు. సిగ్డీ అంటాం మేము. వాకిట్లో పెట్టి రాజేస్తారు. పొగ గల్లీ నిండా పరుచుకుంటుంది. సూర్యుడి కిరణం ఆ పొగలోంచి దిగుతుంటే వెలుతురు కడ్డీలు కడ్డీలుగా కనబడుతుంది. కెమెరా పట్టుకున్న ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. కానీ ఆ పొగలో కూర్చున్న తల్లి కళ్ళు మండుతున్నాయి. పక్కన పిల్లవాడు దగ్గుతున్నాడు. ఈ రెండూ నిజాలే. పొగ అందంగా ఉందన్నదీ నిజం, అది మంచిది కాదన్నదీ నిజం. ఫోటో తీసేవాడు మొదటిది చూసి రెండోది మరచిపోకూడదని నా గట్టి నమ్మకం.

అందుకే మనిషిని తీసేటప్పుడు అడగండి. "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా?" అంటే చాలు. వద్దంటే వద్దు. పొయ్యి ముందు కూర్చున్న మనిషి, "జరాగు, కొంగు సర్దుకుంటా" అంటే ఆగండి. ఆమె తనను ఎట్లా చూడాలని కోరుకుంటుందో అదీ ఫోటోలో భాగమే. గని షిఫ్టు దిగి వస్తున్న అన్నను ఆపి, ముఖాన బొగ్గుమసి ఉండగానే తీయాలని చాలామందికి ఉబలాటం. అడిగి చూడండి. ఆయన ఇంటికి పోయి స్నానం చేసి, తలకు నూనె రాసి, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వస్తానంటాడు. ఆ ఫోటో తీయండి. మీరు అనుకున్నది కాకపోవచ్చు, కానీ ఆ మనిషి అందులో ఉంటాడు.

కెమెరా లేదంటారా? చేతిలో ఫోన్ ఉంది. అది చాలు. ముందు లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడవండి, రోజంతా మన వేళ్ళ జిడ్డు దానికి అంటుతూనే ఉంటుంది. బొమ్మను వేళ్ళతో లాగి పెద్దది చేయకండి, రెండడుగులు ముందుకు వేయండి. తెర మీద వేలు పెట్టి కిందికి జరిపితే చాలా ఫోన్లలో వెలుగు తగ్గుతుంది. కొంచెం తగ్గించండి, ఎండ పడిన చోటు తెల్లగా వెలిసిపోకుండా ఉంటుంది. పిల్లలను తీసేటప్పుడు కూర్చోండి, మీ కళ్ళు వాళ్ళ కళ్ళకు ఎదురుగా రావాలి. నొక్కే ముందు నాలుగు అంచులూ ఒకసారి చూడండి, పక్కనుంచి ప్లాస్టిక్ బకెట్టో కరెంటు తీగో దూరి ఉంటుంది. అది ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ చూసి నిర్ణయించుకోండి. ఇంతకు మించి సాంకేతిక విషయాలు ఈ పూట వద్దు.

ఒక్కటి మాత్రం చేసి చూడమంటాను. మీ ఇంట్లో ఒక వస్తువు ఎంచుకోండి. చెంబు కావచ్చు, కిటికీ కావచ్చు, దండెం మీద ఆరేసిన బట్టలు కావచ్చు. వారం రోజులు దాన్నే తీయండి. రోజుకు ఒక్క ఫోటో. ఒక రోజు పొద్దున, ఒక రోజు సాయంత్రం, ఒక రోజు దీపం పెట్టాక, వేళ మార్చి తీయండి. రెండో రోజుకు విసుగొస్తుంది. మూడో రోజు ఇంకేముంది అనిపిస్తుంది. వదలకండి. తీసింది సరిపోయిందనుకున్నాక కనబడేదే మన సొంతం. మొదట కనబడేది అందరికీ కనబడుతుంది.

ఇక చివరిగా, తీసిన ఫోటోలు ఫోన్‌లో ఉంటే ఉన్నట్టు కాదు. ఫోన్ పగిలితే పోతాయి. కింద పడితే, నీళ్ళలో పడితే పోతాయి. ఏడాదికి కొన్నైనా కాగితం మీద అచ్చు వేయించండి. బల్లార్‌పూర్‌లో వేస్తారు, చంద్రపూర్‌లో వేస్తారు, మీ ఊళ్ళోనూ వేస్తారు. ఫోటోలో ఉన్న మనిషికి ఒక కాపీ ఇవ్వండి. మీ కాపీ వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను వాడితే గీత ముందువైపుకు ఉబుకుతుంది. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు, ఏం చేస్తున్నారు. చాట అయితే ఎవరి చాట, ఎవరు కుట్టారు. మా బామ్నిలో చాలామంది పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ రాసింది చదవలేరు. అందుకని నేను తెలుగులో ఒక వరుస, దాని కింద మరాఠీలో ఒక వరుస రాస్తాను. మీ ఇంట్లో పిల్లలు ఏ లిపి చదువుతారో ఆ లిపిలో కూడా రాయండి.